సున్నాల కొట్టు – ఏడో భాగం: రుచమ్మ ‘కాదు’ అన్న రోజు

పోయిన వారం రుచమ్మను క్యూలో ఆఖరి మనిషిగా నిలబెట్టి మన పనులు చూసుకోవడానికి మనం వెళ్ళిపోయాం. ఆమె మాత్రం అక్కడే ఉంది. మధ్యాహ్నం మూడున్నర దాటింది. కొట్టు షట్టర్ దించే ఉంది, నాలుగింటికి గాని లేవదు. తొమ్మిదేళ్ళ తర్వాత సొంత వీధిలో కాలు పెట్టిన మనిషి, తలకు స్కార్ఫ్ చుట్టుకుని కన్నతండ్రి కొట్టు ముందు పరాయిదానిలా క్యూ కట్టడం ఏమిటని మీరు అడగవచ్చు. ఇంట్లోకి వెళ్ళే పక్క తలుపు తట్టే ధైర్యం లేక, తిరిగి వెళ్ళిపోయే మనసు రాక, మధ్యే మార్గంగా క్యూలో చేరింది. అంతకు మించి వేరే కారణం లేదు.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ కొట్టులో డోనట్లు తప్ప మరొకటి అమ్మరు. మధ్యలో కన్నంతో గుండ్రంగా ఉంటాయి కాబట్టి పేటలో దీన్ని సున్నాల కొట్టు అంటారు. బడిలో సున్నా వచ్చిన పిల్లలు ఏడుస్తూ ఇటే వస్తారని పాత హాస్యం. పిండి కలిపేది నాన్న, నూనె దగ్గర నిలబడేది అన్న, గల్లా చూసేది వదిన. ఇక రుచమ్మ ఉద్యోగం అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా పెద్దది. మొదటి వాయి నూనెలోంచి తీయగానే అందులో మొదటి డోనట్ ఆమె చేతిలో పెట్టేవారు. ఆమె కొరికి ‘ఔను’ అంటేనే షట్టర్ లేచేది. ‘కాదు’ అంటే ఆ పూట పిండి మొత్తం పారబోయడమే. ఆరేళ్ళ వయసులో మొదలుపెట్టి పాతికేళ్ళు ఆ ఉద్యోగం చేసింది. అసలు పేరు బడి రిజిస్టరులో ఎక్కడో ఉంది గాని, పేటకు ఆమె రుచమ్మే.

తొమ్మిదేళ్ళ కిందట ఒకరోజు నాన్న పిండి బల్లను అన్నకు అప్పజెప్పాడు. అన్న కలిపిన మొదటి పిండికి రుచమ్మ ‘కాదు’ అంది. బయట క్యూ మలుపు దాటి ఉంది. నాన్న ఒక్క క్షణం ఆగి, ఆమె మాట పక్కన పెట్టి షట్టర్ ఎత్తేశాడు. నా మాట అక్కర్లేని చోట నేనెందుకు అని ఆ సాయంత్రమే ఆమె ఇల్లు వదిలింది. ఇప్పుడు సిటీ బస్సు నడుపుతుంది. ఈ వీధిలోంచి వెళ్ళే రూటు తనకు పడినప్పుడల్లా డిపోలో ఎవరినో బతిమాలి మార్చుకుంటుంది. మొన్న వదిన దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. “ఒక్కసారి వచ్చి పో. ఎందుకని అడక్కు” అని, అంతే.

షట్టర్ కింద జానెడు సందు ఉంది. ఉన్నట్టుండి అందులోంచి వాసన వచ్చింది. కాగిన నూనె, జాజికాయ, పొంగిన పిండి. రుచమ్మ కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళలో ఎన్నో వీధుల్లో బేకరీల ముందు బస్సు ఆపింది, ఏ వాసనా ఇలా లోపలికి లాగలేదు. ఇల్లు గుర్తొచ్చింది అంటే చాలదు. ఆ లోపల తాను నిలబడే చోటు కావాలనిపించింది. నాన్న చేతి పిండి తన చేతికి అంటాలనిపించింది.

“స్కార్ఫ్ కట్టుకుంటే మొహం దాగుతుంది. ముక్కు దాగుతుందా?” అన్నారు ముందున్న పెద్దాయన, వెనక్కి తిరిగి ఆమెను చూస్తూ. ఎదురుగా గడియారాలు బాగుచేసే చిన్న గది ఆయనది. పేటంతా ఆయన్ని గడియారాల తాత అంటుంది. “ఆ వాసనకి కళ్ళు మూసుకునే మనిషి ఈ పేటలో ఒక్కతే ఉండేది.”

“బాగున్నావా తాతా?”

“నా సంగతికేం. నువ్వు రావడానికి ఇంతకాలం పట్టిందేంటమ్మా? ఆగిపోయిన గడియారమైనా రోజుకి రెండుసార్లు సరైన టైము చూపిస్తుంది. నువ్వు తొమ్మిదేళ్ళకి ఒక్కసారి కూడా కనపడలేదు.”

రుచమ్మ నవ్వింది. మాట మార్చడానికి, “ఎలా ఉంటున్నాయి ఇప్పుడు?” అని అడిగింది.

“ఏవి?”

“ఏవేంటి తాతా. డోనట్లు.”

తాత అటూ ఇటూ చూశారు. “మెత్తగా ఉంటున్నాయి.”

“రుచి?”

“మెత్తగా ఉంటున్నాయమ్మా,” అన్నారు మళ్ళీ, ఈసారి ఇంకాస్త మెల్లగా. తర్వాత దగ్గరికి జరిగారు. “ఉప్పుండట్లేదు. పదహారు నెలలైంది. నాకంటే డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, కలిసొచ్చింది. మిగతావాళ్ళు పొట్లం ఇంటికి పట్టుకెళ్ళి, పైన ఇంత ఉప్పు చల్లుకుని తింటున్నారు. మా మనవరాలైతే డోనట్ అంటే ఉప్పు చల్లుకునే తినాలేమో అనుకుంటోంది.”

“ఎవరూ చెప్పలేదా?”

“మీ నాన్న మొహంలోకి చూస్తూ ఎవరు చెప్తారు, నువ్వు చెప్తావా?”

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట మాత్రం పదహారు నెలలుగా ఆ పేటలో ఒక్క పెదవీ దాటలేదు. ఇష్టమైన మనిషి దగ్గర అందరూ ఇలాగే అబద్ధాలకోరులవుతారు.

“మరి అన్నయ్య ఏం చేస్తున్నాడు?” అంది రుచమ్మ. “పిండి కలిపేవాడు ఉప్పు చూసుకోడా?”

తాత ఆమెను వింతగా చూశారు. “వాడికి పిండితో పనేంటి? నువ్వు వెళ్ళిన మర్నాడే మీ నాన్న బల్ల వెనక్కి తీసేసుకున్నాడు. వాణ్ణి మళ్ళీ పిండి ముట్టుకోనివ్వలేదు. ‘నా కూతురు కాదంది. దాని నాలుక అబద్ధమాడదు. క్యూ చూసి కక్కుర్తిపడి షట్టర్ ఎత్తాను, తప్పు నాది. ఇక వీడి చెయ్యి పిండిలో పడదు’ అన్నాడు. నీకు తెలీదా?”

రుచమ్మకు తెలియదు. తన మాటకు విలువ లేకుండా పోయిందనే కదా గడప దాటింది. తొమ్మిదేళ్ళుగా ఆ బల్ల దగ్గర అన్నయ్యే నిలబడి ఉంటాడని ఊహించుకుని, ఊహించుకున్నప్పుడల్లా కుళ్ళుకుంది. ఇప్పుడు చూస్తే తన మాటే చట్టమైపోయి, అన్న చేతులు కట్టేసింది.

మీకూ ఒక సంగతి చెప్పాలి. ఆరు వారాలుగా ఆమె మీతో చెప్పనివ్వలేదు. ఆ రోజు అన్న కలిపిన పిండి బాగుంది. అది కొరికిన క్షణంలోనే ఆమెకు తెలిసింది, ఇంత బాగా నాన్న కూడా ఎప్పుడూ కలపలేదని. పాతికేళ్ళు పక్కన నిలబడి ఆశగా చూసిన బల్ల తనకు కాకుండా పోయిందన్న మంటలో ‘కాదు’ అనేసింది. ఆ ఒక్క మాటా నాలుకది కాదు, కడుపుమంటది.

పక్క తలుపు తెరుచుకుంది. గుడ్డతో అద్దం తుడవడానికి బయటికి వచ్చిన వదిన, అద్దం వదిలేసి ఆమె వైపే చూసింది. దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని, “వచ్చినదానివి క్యూలో నిలబడ్డావా, ఎంత పొగరే నీకు” అంది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని మరీ తిట్టింది.

లోపలికి నడుస్తుంటే గుసగుసగా చెప్పింది. “ఉత్తరం నేను రాశానని మామయ్యగారితో అనకు. ఉప్పు లేదని రెండుసార్లు నేనే చెప్పి చూశాను. ‘మీ పుట్టింట్లో ఉప్పు ఎక్కువ తింటారమ్మా, నీకలాగే ఉంటుంది’ అన్నారు. మీ అన్నయ్యని చెప్పమంటే ఉలకడు పలకడు. నీ మాట తప్ప ఈ ఇంట్లో ఇంకో మాట చెల్లదు. ఎలాగో నువ్వే చెప్పాలి.”

“మొదటి వాయి ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?”

“ఎవరూ చూడరు. నీ చోటు ఇంకొకరికి ఇస్తే నువ్వింక రావని మామయ్యగారి పట్టు. మొదటిది పళ్ళెంలో పెట్టి కిటికీ దగ్గర ఉంచుతారు. సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. తర్వాత పావురాలకి వేస్తాను.”

రుచమ్మ కోసం పూటకొక డోనట్ చొప్పున తొమ్మిదేళ్ళు ఎదురుచూశారు. ఆ ఎదురుచూపులోనే ఉప్పు మాయమైపోయినా కనిపెట్టే నోరు లేకపోయింది. ప్రేమతో ఇంత తెలివితక్కువ పని చేయడం తన పుట్టింటివాళ్ళకే చెల్లింది.

వంటగది ఏమీ మారలేదు. కన్నాల అచ్చులు మేకులకు వేలాడుతున్నాయి. బల్లకు నాన్న నిలబడే వైపు అంచు అరిగి నున్నబడింది. ఆయన మోచేతుల దాకా పిండితో నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడిందో, పిండి పడిందో వెంటనే తెలియలేదు. తలెత్తి చూశాడు.

“లైను పెద్దదిగా ఉందా?” అన్నాడు.

“పన్నెండు మంది ఉన్నారు నాన్నా.”

“మలుపు దాకా ఉండేది.”

“ఉండేది.”

అంతే పలకరింపు. అన్న నూనె దగ్గర నిలబడి ఉన్నాడు. చెల్లెలు వచ్చిందని తెలిసి కూడా తల తిప్పలేదు. రెండు పుల్లలతో డోనట్లను ఒక్కొక్కటే తిరగేస్తున్నాడు. బల్ల మీద మిగిలిన పిండి ఉబ్బిపోయి, అంచుల్లో జిగురుగా జారుతోంది. రుచమ్మ వేలితో నొక్కింది. వేలికి అంటుకుని వచ్చింది. ఉప్పు లేని పిండికి అదుపుండదని ఆమెకు చిన్నప్పుడు నేర్పింది ఈయనే.

“మిల్లువాడు మోసం చేస్తున్నాడు,” అన్నాడు నాన్న, ఆమె వేలిని చూసి. “గంట పొంగాల్సింది అరగంటకే ఉబ్బిపోతోంది.”

ఆమె వేలు తుడుచుకుంది. అన్న మొదటి డోనట్ తీసి పళ్ళెంలో పెట్టాడు. అలవాటుగా కిటికీ వైపు ఒక అడుగు వేశాడు. ఆగాడు. వెనక్కి వచ్చి పళ్ళెం ఆమె ముందు పెట్టాడు. గోడ గడియారంలో నాలుగు కావడానికి ఎనిమిది నిమిషాలుంది. వదిన షట్టర్ తాళంచెవి పట్టుకుని గల్లా దగ్గర నిలబడింది.

రుచమ్మ కొరికింది. పైన పలచగా కరకర, లోపల దూది. జాజికాయ నాలుకను అలా తాకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. తీపి ఉంది గాని, ఆ తీపికి కాళ్ళు లేవు. నిలబడకుండా కరిగిపోయింది. చిన్నప్పటి రుచి కోసం నోరంతా వెతుక్కుంది, దొరకలేదు. ఇంత దూరం వచ్చింది దీనికోసమే కదా.

నాన్న ఆమె మొహాన్నే చూస్తున్నాడు. ‘ఔను’ అంటే షట్టర్ లేస్తుంది. పన్నెండు మందీ సంతోషంగా కొనుక్కుని, ఇంటికి వెళ్ళి ఉప్పు చల్లుకుంటారు. ముసలాయన ఈ రాత్రి హాయిగా నిద్రపోతాడు. ఆ మాట ఆమె పెదవుల దాకా వచ్చింది కూడా.

“కాదు నాన్నా,” అంది. “ఉప్పు లేదు.”

ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన పిండి బస్తా మీద మెల్లగా కూర్చున్నాడు. “అస్సలు లేదా?”

“చిటికెడు వేసుంటావు.”

“చిటికెడే వేశాను.” రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకున్నాడు. “పోయినేడాది జ్వరమొచ్చింది. తగ్గింది గానీ, నోరు తిరిగి రాలేదు. ఏది తిన్నా కాగితం నమిలినట్టే ఉంటుంది. కొలతలు రాసుకుని చేసిన పని కాదు కదా మనది. పిండి ఇంత నోట్లో వేసుకుని, చాలనిపించేదాకా ఉప్పేసేవాణ్ణి. ఇప్పుడు చాలని చెప్పేదెవరు? ఎక్కువైతే జనం ఉమ్మేస్తారు. తక్కువైతే మొహమాటపడతారు. అందుకని తక్కువే వేస్తూ వచ్చాను. పదహారు నెలలు వాళ్ళ మొహమాటం మీద కొట్టు నడిపానమ్మా.”

వదిన నోటికి చెంగు... అదే, చేతిలో ఉన్న అద్దాల గుడ్డ అడ్డం పెట్టుకుంది. అంతలోనే అది మురికిదని గుర్తొచ్చి తీసేసింది.

“కోడలు చెప్పింది,” అన్నాడు ఆయన. “నిజమే చెప్పిందని నాకూ తెలుసు. ఒప్పుకుంటే బల్ల వదిలెయ్యాలి. వదిలి ఎవరికివ్వను?” లేచి నిలబడి, మెడలోంచి ఏప్రన్ తీసి రుచమ్మ చేతుల్లో పెట్టాడు. “రేపట్నుంచి ఇది నీది. అసలు ఆ రోజే నీకివ్వాల్సింది. నీ నాలుకే నీ చేతికి దారి చూపిస్తుంది. వీడికిద్దామంటే నువ్వే కాదన్నావు కదా.”

నూనెలో పుల్లలు కదలడం ఆగిపోయింది.

ఏప్రన్ ఇంకా వెచ్చగా ఉంది. ఆరేళ్ళ వయసు నుంచి కోరుకున్నది అడక్కుండానే చేతిలోకి వచ్చింది. నోరు మూసుకుంటే చాలు, తన ఇల్లు తనది, తన బల్ల తనది. మన రుచమ్మ మంచిదని ఆరు వారాలుగా చెబుతూ వచ్చాను. ఈ నిమిషంలో మాత్రం పందెం కాయమంటే నేను కాయను. ఆమె ఏప్రన్‌ను గుండెకు అదుముకున్న తీరు మీరు చూడలేదు.

ఒక డోనట్ మాడిన వాసన వచ్చింది. పాతికేళ్ళలో అన్న చేతిలో ఏదీ మాడగా ఆమె చూడలేదు. అటు చూసింది. అన్న వీపు కనిపించింది. వంగిపోయి, నూనె ఆవిరికి చొక్కా అంటుకుపోయి ఉంది. అడుసు తొక్కినది తను, తొమ్మిదేళ్ళుగా కాళ్ళు కడుక్కుంటున్నది అతను.

“నాన్నా, ఆ రోజు పిండి బాగుంది.”

“ఏ రోజు?”

“అన్నయ్య కలిపిన రోజు. ఉప్పు సరిగ్గా ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నీకన్నా బాగా కలిపాడు.” అక్కడితో ఆపలేదు. “అందుకే కాదన్నాను. ఆ బల్ల నాకు కావాలి, వాడికిచ్చావు. ఓర్చుకోలేకపోయాను. నా నాలుక ఒక్కసారే అబద్ధమాడింది నాన్నా. నువ్వు దాన్నే నమ్మావు.”

నాన్న బల్ల పట్టుకున్నాడు. కూతుర్ని చూశాడు, కొడుకు వీపును చూశాడు. “తొమ్మిదేళ్ళు,” అన్నాడు. “వాడు అన్నం కలుపుకుంటుంటే కూడా చూసేవాణ్ణి. ఈ చేతుల్లో ఏం లోపముందా అని.”

అన్న పొయ్యి ఆపాడు. మాడినదాన్ని తీసి పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకుని అప్పుడు తిరిగాడు. అతని మొహంలో కోపం ఉంటుందని రుచమ్మ సిద్ధపడింది. కోపం లేదు. అలసిపోయిన మనిషిని చివరికి కూర్చోమన్నప్పుడు ఎలా చూస్తాడో అలా చూశాడు.

“నాకు తెలుసు,” అన్నాడు.

“ఏం తెలుసు అన్నయ్యా?”

“ఆ రోజు నువ్వు కొరికి వదిలేసిన సగం నేను తిన్నాను. బాగుందని అప్పుడే తెలిసింది.”

“మరి నాతో ఎందుకు చెప్పలేదురా?” అన్నాడు నాన్న.

“చెబితే బల్ల నాకొచ్చేది. నాకా బల్ల ఎప్పుడూ వద్దు నాన్నా. ఇస్తున్నప్పుడు కావాలా అని నన్నెవరూ అడగలేదు.” చెల్లెలి వైపు తిరిగాడు. “నువ్వు కాదనగానే నాకెంత సంతోషమేసిందో తెలుసా? బతికిపోయాననుకున్నాను. మర్నాడు పొద్దున రైలుకి వెళ్ళిపోదామని అంతకు ముందే అనుకున్నాను. నువ్వు రుచి చూస్తావు, నాన్న కలుపుతాడు, నేను లేకపోయినా కొట్టు నడుస్తుంది. కానీ సాయంత్రానికి నువ్వే వెళ్ళిపోయావు. ఇద్దరమూ పోతే ఈయన ఏమైపోతాడు?”

బయట ఎవరో షట్టర్ మీద వేళ్ళతో తట్టారు. నాలుగు దాటింది. లోపల ఎవరూ కదల్లేదు.

“ఎదురుచూశానే,” అన్నాడు అన్న. “నాన్న నీ కోసం ఎందుకు చూశాడో ఆయనకి తెలుసు. నేనెందుకు చూశానో నాకు తెలుసు. ఇప్పుడు నువ్వొచ్చావు కదా.”

నడుముకు కట్టుకున్న గుడ్డ ముడి విప్పి, మడత పెట్టి బల్ల మీద ఉంచాడు. రుచమ్మకు అతన్ని ఉండమని అడిగే హక్కు ఎక్కడుంది?

“ఎక్కడికిరా?” అన్నాడు నాన్న.

“అప్పుడు ఎక్కడికి వెళ్దామనుకున్నానో అక్కడికే. టికెట్టు కూడా కొన్నాను ఆ రోజు.”

గల్లా దగ్గర వదిన అప్పటిదాకా వింటూనే ఉంది. ఆ టికెట్టు కొన్న రోజుకి ఆమెకు పెళ్ళయి ఏడాది. ఇప్పటికి పదేళ్ళు. ఆడపడుచు వస్తే ఇల్లు చక్కబడుతుందని తన చేత్తో ఉత్తరం రాసిన మనిషి. రెండడుగులు ముందుకు వేసింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు.

“టికెట్టు ఒక్కటే కొన్నారా?” అంది.

పక్క తలుపు దాకా వెళ్ళిన అన్న దాని మీద చెయ్యి వేసి ఆగాడు. వెనక్కి మాత్రం తిరగలేదు.